స్పేర్ సీటు కేసు: 22 వేల కిలోమీటర్ల తర్వాత విరిగిన ఒక రెయిల్

ఆగస్టు రెండో ఆదివారం, పొద్దున తొమ్మిదింటికి ఫోన్. "తమ్మీ, ఆలేరు కాడ ఉన్న. సీటు టక్కుమని ఒక పక్కకు ఒరిగింది. నిలబడి తొక్కుకుంట వస్తున్న" అన్నారు సార్. ఉప్పల్ లో ఉంటారు, జూనియర్ కాలేజీ లెక్చరర్, 52 ఏళ్ళు, ఆదివారం వచ్చిందంటే ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి మీదుగా వరంగల్ రోడ్డు పట్టుకుని జనగామ దాకా వెళ్ళి వెనక్కి రావాల్సిందే. ఆలేరు నుంచి ఇంటికి దాదాపు 60 కిలోమీటర్లు, అంత దూరం నిలబడి తొక్కితే మోకాళ్ళు ఏమవుతాయి, అందుకే ఎక్కడున్నారో అక్కడే ఆగి ట్రాలీ ఆటో మాట్లాడుకోమన్నా. మధ్యాహ్నానికల్లా సైకిల్ తార్నాకలో నా వర్క్‌షాప్ కి వచ్చేసింది.

సార్ పర్మిషన్ తీసుకునే ఇదంతా రాస్తున్నా, పేరు మాత్రం వద్దన్నారు. సీటు బ్రాండ్ పేరు కూడా రాయట్లేదు, ఎందుకంటే ఇదే కథ ఏ కంపెనీ సీటుతోనైనా జరగొచ్చు. నేను బైక్ ఫిట్టింగ్ (అంటే మనిషి ఒంటికి తగ్గట్టు సైకిల్ కొలతలు సర్దడం), సర్వీసింగ్ రెండూ చేస్తా, సీటు నొప్పి కేసులు చాలా చూశా, కానీ నచ్చిన సీటు పోయాక మళ్ళీ దాని దగ్గరికి రావడానికి ఎంత కష్టపడాలో నాకు పూర్తిగా అర్థమైంది ఈ కేసులోనే.

ముందు విరిగిన సీటు సంగతి. ఆరేళ్ళు వాడారు, సైకిల్ కంప్యూటర్ లెక్క ప్రకారం 22 వేల కిలోమీటర్ల పైనే. 143 మి.మీ. వెడల్పు, పైన దాదాపు చదును, స్టీల్ రెయిల్స్, అంటే సీటు కింద దాన్ని మోసే రెండు కడ్డీలు. కుడి రెయిల్ సరిగ్గా సీట్ పోస్ట్ (సీటుని మోసే గొట్టం) పైన రెయిల్స్ ని పట్టుకునే క్లాంప్ వెనక అంచు దగ్గర తెగింది. తెగిన చోట లెన్స్ పెట్టి చూస్తే సగం భాగం నల్లగా తుప్పు పట్టి ఉంది, మిగతా సగం కొత్తగా మెరుస్తోంది, అంటే పగులు ఎప్పుడో మొదలై నెలల తరబడి కొంచెం కొంచెం లోపలికి పాకుతూ వచ్చి ఆ రోజు ఆలేరు దగ్గర మిగతాది పుటుక్కుమంది. దీనికి రెండు కారణాలు కనిపించాయి. ఒకటి, సీటుని బాగా వెనక్కి జరిపి, రెయిల్ మీద గీతలతో ఇచ్చిన లిమిట్ కూడా దాటించి బిగించారు, దాంతో క్లాంప్ రెయిల్ ఒంపు తిరిగే చోట పట్టుకుంది, తిన్నగా ఉన్న భాగంలో పట్టుకోవాల్సింది. రెండోది చెమట. మన ఎండల్లో నాలుగైదు గంటలు తొక్కితే చెమటంతా షార్ట్స్ లోంచి కారి రెయిల్స్ మీదా బోల్టుల మీదా పడుతుంది, ఆ ఉప్పు క్లాంప్ లోపల ఇరుక్కుంటే తుడిచేవాళ్ళు ఉండరు. రెండు నెలల నుంచి కిర్రుకిర్రుమని చప్పుడు వస్తోందట, పెడల్ అనుకుని నూనె వేస్తూ ఉన్నారు. కూర్చున్నప్పుడు వచ్చి, నిలబడి తొక్కితే ఆగిపోయే చప్పుడైతే ముందు సీటు, పోస్ట్ చూడాలి.

ఇక అసలు సమస్య. సార్ ఆ సీజన్ లో 200, 300, 400 కిలోమీటర్ల బీఆర్ఎంలు, అంటే టైమ్ లిమిట్ లోపల ముగించాల్సిన లాంగ్ రైడ్లు, పూర్తి చేశారు, 600 ఒక్కటి మిగిలింది, అది కూడా చేస్తే నాలుగూ ఒకే సీజన్ లో చేసినవాళ్ళకి దక్కే సూపర్ రాండన్యూర్ బిరుదు. 600 కి టైమ్ లిమిట్ 40 గంటలు, డేట్ సెప్టెంబర్ చివర్లో. చేతిలో ఆరు వారాలే. ఆ సీటు మోడల్ ఆపేసి అప్పటికే రెండేళ్ళు దాటింది.

మొదటి వారం సార్ నన్ను అడక్కుండానే ఒక మెత్తటి జెల్ సీటు తెచ్చి వేసుకున్నారు, తెలిసినవాళ్ళెవరో చెప్పారట. 60 కిలోమీటర్లకి తొడల లోపలి వైపు ఒరుసుకుపోయి మంట, పైగా మధ్యలో తిమ్మిరి. చాలామందికి ఇది నమ్మబుద్ధి కాదు గానీ లాంగ్ రైడ్ కి మెత్తటి సీటు మేలు చేయదు. మన బరువు మోయాల్సింది కింద రెండు పక్కలా ఉండే కూర్చునే ఎముకలు, మెత్తటి ఫోమ్ లో ఆ ఎముకలు దిగిపోతాయి, అవి దిగేకొద్దీ మధ్యలో ఉన్న ఫోమ్ పైకి ఉబ్బి, నరాలు రక్తనాళాలు ఉండే మెత్తటి చోట నొక్కుతుంది. తిమ్మిరి వస్తోందంటే నరం నలుగుతోందని అర్థం, దాన్ని ఓర్చుకుంటూ తొక్కడం తప్పు. ఆ సీటు ఆ రోజే తీసేయించా.

తర్వాత కొలత తీశా. గట్టి స్టూల్ మీద అట్టపెట్టె ముక్క వేసి, కొంచెం ముందుకి వంగి కూర్చోమని, లేచాక పడిన రెండు గుంటల మధ్య దూరం కొలిస్తే 119 మి.మీ. దానికి రెండు, రెండున్నర సెంటీమీటర్లు కలుపుకుంటే 143 వెడల్పు సీటు సరిపోతుందని తేలింది, అంటే పాత సీటు ఆయనకి లక్కుతో కుదరలేదు, కొలతకి తగ్గట్టే ఉంది. షార్ట్స్ కూడా చూశా. ప్యాడ్ నలిగి అట్టలా అయిపోయిన జత ఒకటుంటే పక్కన పడేయించా, ఎందుకంటే షార్ట్స్ పోయినా సీటునే తిడతాం.

ఇక్కడి నుంచి నా తప్పు మొదలవుతుంది, దాచకుండా రాస్తున్నా. అదే కంపెనీ, అదే పేరు, అదే 143, కొత్త వెర్షన్ దొరికింది. పేరూ వెడల్పూ ఒకటే కదా అని పోస్ట్ కదపకుండా, పాత సీటు ముక్కు ఎక్కడుందో కొత్తదాని ముక్కు కూడా సరిగ్గా అక్కడికే తెచ్చి బిగించేశా. పది రోజుల్లో సార్ ఫోన్ చేసి, రెండు మోకాళ్ళకీ చిప్ప కింద ముందువైపు నొప్పి, మెట్లు దిగాలంటే పట్టుకుని దిగాల్సి వస్తోందన్నారు.

అప్పుడు రెండు సీట్లూ పక్కపక్కన టేబుల్ మీద పెట్టి కొలిచా, మొదటి రోజే చేయాల్సిన పని అది. పాతదాని పొడవు 274 మి.మీ., కొత్తది 252. రెయిల్ నుంచి సీటు పైభాగం దాకా ఎత్తు కొత్తదాంట్లో 7 మి.మీ. తక్కువ. ఇంకా ముఖ్యమైంది, సీటు ముక్కు నుంచి వెనక్కి వెళ్తూ వెడల్పు 80 మి.మీ. అయ్యే చోటు పాతదాంట్లో 148 దగ్గర ఉంటే కొత్తదాంట్లో 127 దగ్గరే వచ్చేసింది. మనం కూర్చునేది ముక్కు మీద కాదు కదా, ఆ వెడల్పాటి భాగం మీద. ముక్కులు కలిపి బిగించేసరికి మనిషి మొత్తం 21 మి.మీ. ముందుకి జరిగాడు, 7 మి.మీ. కిందకి దిగాడు, రెండూ కలిసి ప్రతి తొక్కుకీ మోకాలు ఎక్కువ వంగుతోంది. నిమిషానికి 80 తొక్కులు అనుకుంటే నాలుగు గంటల రైడ్ లో ఒక్కో కాలికి 19 వేల పైన. మోకాలు నొప్పి పెట్టకుండా ఎలా ఉంటుంది. సార్ కి సారీ చెప్పి, ఆ ఫిట్టింగ్ కి తీసుకున్న డబ్బులు వెనక్కి ఇచ్చేశా, వారం రోజులు సైకిల్ ముట్టుకోవద్దన్నా.

సరిచేద్దామంటే కొత్త సీటుని 21 వెనక్కి జరపాలి, రెయిల్ మీద లిమిట్ లోపల 12 కి మించి చోటు లేదు. ఇంకా లాగితే పాత రెయిల్ ఎలా తెగిందో ఇదీ అలాగే తెగుతుంది. వెనక్కి ఒంపు ఉన్న సీట్ పోస్ట్ వేసి లెక్క కుదిర్చా, మోకాలు నొప్పి తగ్గింది. అయినా 100 కిలోమీటర్లు దాటాక సీటు మధ్యలో ఖాళీగా కోసి ఉంచే కట్ అవుట్ అంచులు గుచ్చుతున్నాయన్నారు, వెనక భాగం కూడా పాతదానికంటే గుండ్రంగా ఉంది, చదునుకి అలవాటుపడ్డ మనిషి అటూఇటూ జారుతున్నాడు. మంచి సీటే, ఇంకెవరికైనా బ్రహ్మాండంగా సరిపోవచ్చు, ఈయనకి కాదు.

మూడోది ఆన్‌లైన్ లో. అదే పాత మోడల్, కొత్త పీస్ అని పెట్టారు, సార్ ఆశగా ఆర్డర్ చేశారు. పార్సిల్ విప్పగానే తూకం వేశా. పాతది విరిగిన ముక్కతో కలిపి 268 గ్రాములు, ఇది 311. వెనక వెడల్పు 138. కుట్టు ఉండాల్సిన చోట కుట్టులా కనిపించే అచ్చు. డూప్లికేట్. వాపస్ పంపించేశాం. పాత మోడల్ కొనేటప్పుడు అసలుదాని బరువు, కొలతలు రాసి పెట్టుకుని ఉంటే డూప్లికేట్ ని పట్టుకోవడం ఐదు నిమిషాల పని, లేకపోతే "ఏదో తేడాగా ఉంది, అలవాటైతే సర్దుకుంటుందిలే" అనుకుని దాని మీదే నెలలు తొక్కేస్తాం.

నాలుగోసారి దొరికింది. బెంగళూరులో ఒక చిన్న షాపులో పాత స్టాక్, రెండు పీసులు. సార్ ఒకటి చాలన్నారు. నేనే రెండూ తీసుకోమని పట్టుబట్టా. "ఒక్కొక్కటి ఆరు వేలు తమ్మీ, ఇంట్ల ఏమంటరో" అన్నారు. ఈ నెల రోజుల్లో జెల్ సీటు, కొత్త వెర్షన్, ఇంకో పోస్ట్, కొరియర్ ఖర్చులు, ఫిజియోథెరపీ కలిపి ఎంతైందో కాగితం మీద రాసి చూపించా. తొమ్మిది వేలు దాటింది. ఆ పోస్ట్ తప్ప అవేవీ ఇప్పుడు ఆయనకి పనికొచ్చేవి కావు. ఇంకేం అనలేదు, రెండూ తెప్పించారు.

నచ్చిన సీటు మార్కెట్లో ఎప్పుడూ ఉంటుందన్న ధీమా మనకి ఎక్కడి నుంచి వచ్చిందంటే, బహుశా మన చిన్నప్పటి సైకిళ్ళ నుంచి. కోఠీ వెళ్తే ఇసామియా బజార్ లో ఏ సైకిల్ కి ఏ సీటైనా దొరికేది, ఏ కాలంలోనైనా అదే సీటు. ఆ రోజుల సంగతి వేరు. 1951 నుంచి సైకిళ్ళు చేస్తున్న అట్లాస్ కంపెనీయే 2020 జూన్ 3న, అదీ ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజున, సాహిబాబాద్ ఫ్యాక్టరీ ఆపేసింది. స్పోర్ట్స్ సీట్లయితే కొన్నేళ్ళకోసారి డిజైన్ మార్చేస్తారు, పొట్టి ముక్కు ఫ్యాషన్ వచ్చాక పొడుగు చదును సీట్లు చాలావరకు పక్కకి పోయాయి. దశాబ్దాల తరబడి ఒకే రూపంలో నిలబడ్డవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, బ్రూక్స్ బీ17 లాంటి తోలు సీట్లు. ఆ కంపెనీ 1866 నాటిది, 2002లో ఇటలీ కంపెనీ సెల్లె రాయల్ కొనుక్కుంది, అయినా బీ17 అలాగే వస్తోంది. అది వాడేవాళ్ళకి మోడల్ ఆగిపోతుందన్న భయం తక్కువ, కానీ వాళ్ళకీ స్పేర్ కావాలి, కారణం వేరు. కొత్త తోలు వాళ్ళ ఒంటికి తగ్గట్టు ఒదగడానికి వందల కిలోమీటర్లు పడుతుంది, రైడ్ కి వారం ముందు పాతది పోతే డబ్బులిచ్చినా ఒదిగిన సీటు దొరకదు.

సరే, రెండు పీసులు వచ్చాయి. ఈసారి తొందరపడలేదు. ముందు నేల సమంగా ఉందో లేదో చూశా, సైకిల్ ని ఒకవైపు పెట్టి సీటు వాలు కొలిచి, దాన్ని తిప్పి అటువైపు పెట్టి మళ్ళీ కొలిస్తే రెండూ ఒకటే రావాలి, తేడా వస్తే నేలది తప్పు. తర్వాత పాత ఫిట్టింగ్ షీట్ తీశా, రెండేళ్ళ క్రితం నేనే తీసి పెట్టిన కొలతలు, మొన్న నా తొందరలో తెరిచి చూడనివి. బాటమ్ బ్రాకెట్ (పెడల్ చేతులు తిరిగే ఇరుసు ఉండే చోటు) మధ్య నుంచి సీటు పైభాగం దాకా, వెడల్పు 80 అయ్యే చోట, 718 మి.మీ. అదే చోటు నుంచి దారానికి నట్టు కట్టి నిలువుగా వేలాడదీస్తే బాటమ్ బ్రాకెట్ కి ఎంత వెనక. అక్కడి నుంచి హ్యాండిల్ మధ్యకి ఎంత. సీటు వాలు, పైన చదునైన చెక్క పెట్టి దాని మీద ఫోన్ పెట్టి చూసినా చాలు, ముక్కు ఒకటిన్నర డిగ్రీ కిందకి. క్రాంక్, అంటే పెడల్ ని పట్టుకుని ఉండే చేయి, పొడవు 170 మి.మీ. ఈ ఐదు నంబర్లూ లేకుండా స్పేర్ సీటు ఉన్నా సగం స్పేరే.

ఇంకో విషయం నేను ఊహించనిది. కొత్త పీస్, అదే మోడల్, రెయిల్ నుంచి ఎత్తు పాతదానికంటే 4 మి.మీ. ఎక్కువ వచ్చింది. కంపెనీ తేడా కాదు, పాత సీటు ఫోమ్ 22 వేల కిలోమీటర్లలో నలిగి దిగిపోయింది. అందుకే పోస్ట్ ని 4 కిందకి దించి మొదలుపెట్టి, 600, 700 కిలోమీటర్లకి ఫోమ్ కొంచెం దిగాక మళ్ళీ కొలిచి 2 పైకి లేపా. అయినా మొదటి వారం సార్ "ఎడమ పక్క ఎత్తుగ అనిపిస్తుంది" అంటూనే ఉన్నారు. పాత సీటు వెనక భాగం మీద అడ్డంగా స్కేల్ పెట్టి చూస్తే ఎడమవైపు 3 మి.మీ. కుంగి ఉంది. ఏళ్ళ తరబడి నెమ్మదిగా కుంగింది, ఒళ్ళు కూడా దాంతోపాటే ఒరిగింది, ఇప్పుడు సమంగా ఉన్న సీటు ఆయనకి వంకరగా అనిపిస్తోంది. నడుముకి స్ట్రెచింగ్ చెప్పి, మూడు వారాలు ఏమీ మార్చకుండా వదిలేశా, దానంతట అదే పోయింది. ఇష్టమైన సీటు అని అది అరిగిపోయేదాకా వాడేస్తే, దాని వంకర మన ఒంటికి పడుతుంది. స్పేర్ పక్కన పెట్టుకుంటే పోల్చి చూసుకోడానికి కొత్త పీస్ ఒకటి ఇంట్లో ఉంటుంది, ఈ లాభం సంగతి నాకూ ఇప్పుడే తెలిసింది.

రెండో పీస్ ని అట్టపెట్టెలో దాచేయలేదు. వెనక్కి ఒంపు ఉన్న సీట్ పోస్ట్ ఒకటి, 27.2 సైజుది, కొత్త వెర్షన్ కోసం కొన్నది మిగిలిపోయింది కదా, స్పేర్ సీటుని దానికే బిగించా, ఆ ఒంపు వల్ల క్లాంప్ కూడా రెయిల్ తిన్నగా ఉన్న చోటే పట్టింది. ఎంత లోతు దిగాలో పోస్ట్ మీద టేప్ చుట్టి గుర్తు పెట్టా. ఇప్పుడు మొదటి సీటుకి ఏదైనా అయితే ఒక ఎలెన్ కీతో ఐదు నిమిషాల్లో పోస్ట్ తో సహా మార్చేయొచ్చు, రాత్రి పన్నెండింటికైనా, కొలతలు మళ్ళీ చూడక్కర్లేదు. ఇది బాగా పనిచేసింది, తర్వాత నలుగురికి ఇలాగే చేసి ఇచ్చా.

రెండూ వంతులవారీగా సమానంగా తొక్కాలా అని సార్ అడిగారు. నేను వద్దన్నా. సమానంగా తొక్కితే సమానంగా అరుగుతాయి, రెండూ ఇంచుమించు ఒకేసారి పోతాయి, మళ్ళీ మొదటికే వస్తాం. అలా అని అసలు ముట్టకుండా దాచినా తప్పే, సరిగ్గా 600 ముందు రోజు దాన్ని మొదటిసారి ఎక్కితే అందులో ఏం లోపం ఉందో ఎలా తెలుస్తుంది. అందుకే స్పేర్ ని మొదట ఒక 500 కిలోమీటర్లు తొక్కి ఫోమ్ ఒదిగాక పక్కన పెట్టడం, తర్వాత మూడు నెలలకోసారి ఒక వారం దాని మీద తొక్కడం.

దాచే చోటు గురించి కూడా చెప్పాలి, ఇక్కడ చాలామంది పోగొట్టుకుంటారు. సజ్జ మీద, స్లాబ్ కింద, మే నెలలో పడే వేడికి ఫోమ్, కవర్ జిగురు రెండూ పాడవుతాయి. కారు డిక్కీ అంతకంటే ఘోరం. వానాకాలం ప్లాస్టిక్ కవర్ లో గట్టిగా చుట్టి పెడితే లోపల చెమ్మ పట్టి ఫోమ్ కాలక్రమంలో పొడిపొడిగా రాలుతుంది, కవర్ జిగటగా అవుతుంది, తోలు సీటైతే బూజు. నూలు గుడ్డలో చుట్టి, బట్టల బీరువాలో కింది అరలో పెట్టమన్నా, మీద బరువేమీ పెట్టకుండా. ఎలుకలున్న ఇల్లయితే బీరువా తలుపు మూసే ఉండాలి, ఒకాయన సీటు అంచంతా కొరికేసి పెట్టాయి, నేను చూశా.

అందరికీ స్పేర్ కావాలని నేను అనను. కేబీఆర్ పార్కు చుట్టూ రెండు రౌండ్లు, ఆదివారం నెక్లెస్ రోడ్డు, లేదా ఓఆర్ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ మీద ఒక రౌండ్ కొట్టేవాళ్ళకి సీటు పోతే ఇంకోటి చూసుకునే టైమ్ ఉంటుంది. వారానికి 150 దాటి తొక్కేవాళ్ళు, ముందు నాలుగైదు సీట్లు మార్చి చివరికి ఒకటి కుదిరినవాళ్ళు, వీళ్ళు మాత్రం ఆ సీటు కుదిరిందని నమ్మకం కుదిరిన నెలలోనే, అంటే వెయ్యి కిలోమీటర్ల తర్వాత, రెండోది కొనాలి. అది ఆగిపోయిందన్న వార్త వచ్చాక వెతికితే ఇదిగో ఇలా బెంగళూరు దాకా పోతాం. అలా అని ఐదారు కొని పేర్చుకోవడం కూడా నాకు నచ్చదు. బరువు తగ్గుతాం, పెరుగుతాం, వయసుతో నడుము వంగడం తగ్గి హ్యాండిల్ ఎత్తు పెంచుకుంటాం, అప్పుడు కూర్చునే తీరు మారి వెడల్పు సీటు కావాల్సి రావొచ్చు, ఫోమ్ కూడా బీరువాలో ఉన్నా ముసలిదవుతుంది. ఒకటి వాడుకలో, ఒకటి స్పేర్. చాలు.

సార్ ఆ 600 పూర్తి చేశారు. 38 గంటల 20 నిమిషాలు. రెండో రాత్రి మెడ పట్టేసిందన్నారు, కాళ్ళు వాచాయన్నారు, సీటు గురించి ఒక్క మాట లేదు, నేనే అడిగితే "అరె, అది యాదికే రాలే తమ్మీ" అన్నారు. ఆ మాటతో నాకు ఆ ఆరు వారాల భారం దిగింది.

ఇప్పటికి 14 నెలలైంది. వాడుకలో ఉన్న సీటు 5,400 కిలోమీటర్లు, ఎడమ కుడి తేడా స్కేల్ కి అందనంత తక్కువ, రెయిల్స్ శుభ్రం, ప్రతి రెండు నెలలకి క్లాంప్ విప్పి ఉప్పు తుడిచి, పోస్ట్ మీద రాసిన టార్క్ (బిగింపు బలం) కే బిగిస్తున్నాం. స్పేర్ 900. విరిగిన పాత సీటుని సార్ పారేయనివ్వలేదు, నా గోడకి వేలాడుతోంది, ఆ మోడల్ కావాలని ఎవరైనా ఏదైనా తెస్తే దాని పక్కన పెట్టి కొలుస్తున్నా, ఈ మధ్యే ఇంకో డూప్లికేట్ అలాగే దొరికింది. వచ్చే నెల మొదటి వారం స్పేర్ ఎక్కే వంతు, సార్ జనగామ రైడ్ దాని మీదే పెట్టుకున్నారు.